ఈ విడత ఆసియా బేరి అంటు మొక్కలు: ఏవి ఇస్తున్నాం, ఏవి ఇవ్వడం లేదు

మా దగ్గర ఆసియా బేరి అంట్లు తీసుకున్నవారికీ, ఈ విడతకు పేరు రాయించుకున్నవారికీ నమస్కారం.

ముందుగా చేదు కబురు. నాన్‌గువో రకం ఈసారి ఎవరికీ పంపడం లేదు. అడ్వాన్సు కట్టినవారికి మొత్తం తిరిగి ఇచ్చేస్తున్నాం. కారణం దాచవలసినదేమీ కాదు. ఆ అంటుపుల్లలు మాకు ఇంకొక తోట నుంచి వచ్చాయి. వాటితో కట్టిన తల్లి మొక్కలు ఈ ఏడు తొలి కాపు ఇస్తే, కాయలు కోసి గదిలో మాగబెట్టాం. అసలైన నాన్‌గువో కోసినప్పుడు గట్టిగా ఉంటుంది. రెండు వారాలు తిరిగేసరికి మెత్తబడి, గది తలుపు తీయగానే తెలిసేంత పరిమళం ఇస్తుంది. మా కాయలు మాత్రం చివరి వరకు కరకరలాడుతూనే ఉన్నాయి. తొక్కను ముక్కుకు ఆనించినా వాసన లేదు. రసం ఉంది, తీపి ఉంది, తినడానికి వంక పెట్టలేం. కానీ అది నాన్‌గువో కాదు. నమ్మకమైన పుల్లలు దొరికి, వాటి కాయ మా చేతుల్లో మాగి, వాసన చూశాకే ఆ పేరుతో మళ్లీ మొక్క అమ్ముతాం. అందుకు కొన్నేళ్లు పడుతుంది.

'మంచి సువాసన వచ్చే బేరి ఇవ్వండి' అని అడిగేవారే మాకు ఎక్కువ. అలా అడిగినవారికి ఇకపై ఒక ఎదురు ప్రశ్న వేస్తాం: కరకరలాడే కాయ కావాలా, మెత్తగా మాగే కాయ కావాలా? ఎందుకంటే ఘాటైన పరిమళం చాలావరకు రెండో రకానిదే. నాన్‌గువో ఉస్సూరి అనే బేరి జాతికి చెందినది. చైనాలోని లియావోనింగ్‌లో, ముఖ్యంగా ఆన్‌షాన్ ప్రాంతంలో పేరు పొందింది. మాగేటప్పుడు ఆ కాయలో ఎస్టర్లనే సువాసన పదార్థాలు తయారవుతాయి. మాగకముందే ఫ్రిజ్‌లో పెట్టి వారాల తరబడి ఉంచితే ఆ ఎస్టర్లు తగ్గిపోతాయి. వాసన కోసమే చెట్టు పెంచి, కాయను చలిలో దాచుకోవడంలో అర్థం లేదు.

జపాన్ రకాల సంగతి వేరు. అవి చెట్టు మీదే పండాలి. వాటి సువాసన మృదువుగా, కొరికినప్పుడు నోట్లో తెలిసేలా ఉంటుంది. 1888లో ఒక కుర్రవాడి కంటబడిన మొలక నుంచి వచ్చిన నిజిస్సేకి రసానికి పెట్టింది పేరు, వాసనకు కాదు. 1959లో విడుదలైన కోసుయ్, 1972లో వచ్చిన హోసుయ్, వాటికంటే పాతదైన చోజూరో గోధుమరంగు తొక్క గల రకాలు. రుచిలోనూ వాసనలోనూ ఇవి గాఢమైనవి. నా ఓటు హోసుయ్‌కే. చోజూరోలో వెన్న, బెల్లం కలిపి కాచినట్టు ఒక తీపి వాసన ఉంటుంది. అయితే కోత ఆలస్యమైతే కండ పిండిపిండిగా మారుతుంది. కరకర, పరిమళం రెండూ ఒకే కాయలో కావాలనేవారికి చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతపు కోర్లా ఉంది. చిన్న కాయ, పలుచని తొక్క, ఆకుపచ్చ మీద ఎరుపు ఛాయ. అది ఎండ కాసే పొడి నేల చెట్టు. తేమ ఎక్కువగా ఉండే చోట పెంచేవారికి దాన్ని మేము సిఫారసు చేయం.

ఇక పూత విరగబూసి పిందె నిలవడం లేదన్న ఫిర్యాదులు. వీటిలో చాలావాటికి జవాబు పక్కన సరైన జోడు లేకపోవడమే. ఆసియా బేరి దాదాపు అన్నిటికీ మరో రకం పుప్పొడి కావాలి. ఆ మరో రకం ఏదైనా సరిపోదు. కోసుయ్, షిన్‌సుయ్ పక్కపక్కన ఉన్నా ఒకదాని పుప్పొడిని మరొకటి అంగీకరించదు, ఎందుకంటే రెండింటి జన్యువులూ ఈ విషయంలో ఒకటే. నిజిస్సేకి, కికుసుయ్‌లదీ అదే తంతు. నీటకా అనే రకానికైతే పనికొచ్చే పుప్పొడే లేదు. చైనా రకాలైన యా లీ, ట్సు లీ మిగతావాటికంటే ముందే పూస్తాయి కాబట్టి ఆ రెండింటినీ కలిపి నాటుకోవడం మేలు. అందుకే ఈ విడత నుంచి ఒంటరి మొక్క అడిగితే, మీ దగ్గర ఇప్పటికే ఏ బేరి ఉందో తెలుసుకున్నాకే ఇస్తాం. వ్యాపారం కొంత తగ్గినా ఫరవాలేదు. బేరి పూలలో తేనె పలుచగా ఉంటుంది కాబట్టి తేనెటీగలు వేరే పూలు దొరికితే అటే పోతాయి. రెండే చెట్లున్నవారు చిన్న కుంచెతో పుప్పొడి అద్దడం మంచిది. (పూల వాసన చూసి కాయ మీద ఆశలు పెంచుకోకండి. బేరి పూల వాసన చాలామందికి నచ్చదు.)

మొక్క తీసుకెళ్లి ఏడాది దాటినవారు ఒకసారి ఆకు అంచు చూడండి. ఆసియా బేరి ఆకు అంచున రంపపు పళ్లు ఉంటాయి, ప్రతి పన్ను కొసనా సన్నని ముల్లు లాంటి నూగు ఉంటుంది. పళ్లు గుండ్రంగా, నూగు లేకుండా కనిపిస్తే, ఆ కొమ్మ అంటు అతుకుకు కింద నుంచి వచ్చిందేమో వెతకండి. అలాంటిది అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్క కొమ్మ. దాన్ని మొదలంటా తీసేయకపోతే అంటును అణిచేస్తుంది. ఆకును వెలుతురుకు పట్టి దగ్గరగా ఫోటో తీసి పంపితే మేము చూసి చెబుతాం.

కాపు మొదలైనవారు పిందెలు తీయడానికి మనసు గట్టి చేసుకోవాలి. గుత్తికి ఒక్క పిందె, పిందెకు పిందెకు మధ్య జానెడు ఎడం చాలు. గుత్తులన్నీ ఉంచేస్తే చెట్టు నిండుగా కనిపిస్తుంది, కాయ మాత్రం చిన్నదై నీళ్లలా ఉంటుంది, పరిమళం అసలే రాదు. హోసుయ్, చోజూరో తొక్కలో పచ్చదనం పోయి బంగారు ఛాయ వచ్చాక కాయను పైకెత్తి కొద్దిగా తిప్పండి. తేలిగ్గా ఊడి వస్తే ఒకటి కోసి రుచి చూసి, బాగుంటేనే మిగతావి కోయండి.

ఈ విడత ఇవ్వగలిగినవి హోసుయ్, కోసుయ్, చోజూరో, యా లీ, ట్సు లీ. కోర్లా కొద్దిగా ఉంది, పొడి వాతావరణం ఉన్నవారికే ఇస్తాం. మొక్కలు ఆకు రాల్చి నిద్రలో ఉన్నప్పుడే పంపుతాం, తొందరపెట్టినా ముందు పంపం. మీ శీతకాలంలో ఏడు డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలైనా ఉండదంటే ఆ సంగతి ముందే చెప్పండి. అలాంటి చోట బేరి సరిగ్గా పూయదు, అందుకని మేమే వద్దంటాం. ఇంతకుముందు మా దగ్గర నాన్‌గువో పేరుతో మొక్క తీసుకున్నవారు రసీదు లేకపోయినా ఫోటో పంపండి. డబ్బు వాపసో, జోడుగా హోసుయ్ మొక్కో, మీకు ఏది కావాలంటే అది ఇస్తాం. ఇప్పటికే నాటిన చెట్టును పీకవలసిన పని లేదు. దాని కాయ తినదగినదే.