విషయం: సౌండ్ కార్డు సంగతి తర్వాత, నా ఫిర్యాదు టికెట్ ఎందుకు మూశారో ముందు చెప్పండి

కస్టమర్ కేర్ పెద్దలకు,

మీ మెయిల్ ఇప్పుడే చూశాను. "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, మా సేవకు అయిదు నక్షత్రాలు ఇవ్వండి" అట. ఎవరి సమస్య పరిష్కారమైందండీ? నాది కాలేదు. టికెట్ మూసేశారు కాబట్టి మీదైతే అయిపోయుండొచ్చు. పైగా కింద చిన్న అక్షరాల్లో కారణం ఒకటి రాశారు, "కస్టమర్ స్పందించలేదు" అని. అక్కడే నాకు ఒళ్ళు మండింది. మీ నంబరుకి ఫోన్ చేసి చేసి, ఆ హోల్డ్ పాట చరణాలతో సహా నోటికొచ్చేసిన మనిషిని నేను. అన్నట్టు ఆ పాట మాత్రం చాలా క్లియర్‌గా వినిపిస్తోంది, దాన్ని ఏ సౌండ్ కార్డుతో రికార్డు చేశారో చెబితే అదే కొనుక్కుంటాను.

వస్తువు గురించి ఎక్కువ రాయను, మోడలు, బిల్లు, ఫోటోలు అన్నీ మీకు ఎప్పుడో పంపాను. విజయవాడ గాంధీనగర్‌లో మాకు చిన్న రికార్డింగ్ గది ఉంది. షాపు ఓపెనింగులకి ఆటోలో వేసే ప్రకటనలు, ప్రవచనాలు, హరికథలు, పిల్లల పాఠాలు రికార్డు చేస్తాం. మా కంప్యూటర్‌లో విండోస్ కాదు, ఉబుంటు అనే లైనక్స్ ఉంది, అందులో ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ వాడతాం, ఏళ్ళ తరబడి వాడుతున్నాం. మీ కొత్త యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టి రికార్డ్ నొక్కితే కాసేపు బాగానే నడిచి టక్కున ఆగిపోతుంది, మళ్ళీ నొక్కితే "ఎర్రర్ ఓపెనింగ్ సౌండ్ డివైస్" అని వస్తుంది. తెనాలి నుంచి వచ్చిన దాసు గారు చిరతలు పట్టుకుని, మంచి ఊపులో ఉండగా ఆగింది. ఆయన పెద్దమనిషి కాబట్టి ఏమీ అనలేదు, "ఇంకోసారి వస్తాలే నాయనా" అని వెళ్ళిపోయారు. ఆ ఇంకోసారి ఇంతవరకూ రాలేదు.

మీకు ఫోన్ చేసే ముందు నేను చేయాల్సింది నేను చేశాను. వేరే ప్రోగ్రామ్ ఏదైనా కార్డుని పట్టుకుని కూర్చుందేమోనని బ్రౌజర్‌తో సహా అన్నీ మూశాను. ఆడాసిటీలో హోస్ట్ ఆల్సా (లైనక్స్‌లో శబ్దం సంగతి చూసే భాగం) అనే ఉందో లేదో చూశాను, రికార్డింగ్ డివైస్ మార్చి చూశాను, ప్రాజెక్ట్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలో ఆ లెక్క) 44100 నుంచి 48000కి పెట్టాను, డివైసులు రీస్కాన్ చేశాను. టెర్మినల్లో రికార్డింగ్ డివైసుల జాబితా చూపే "ఏరికార్డ్ -l" కమాండ్ కొడితే మొదట మీ కార్డు పేరు కనిపిస్తుంది, ఎర్రర్ వచ్చాక కొడితే ఉండదు. కెర్నెల్ (సిస్టం గుండెకాయ లాంటిది) రాసుకునే సందేశాలు తీస్తే సరిగ్గా ఆ సమయానికే "యూఎస్‌బీ డిస్కనెక్ట్" అని పడి ఉంటుంది. అంటే పాపం ఆడాసిటీ నిజమే చెబుతోంది, తెరవడానికి అక్కడ డివైసే లేదు! కేబుల్ మార్చినా అంతే, పోర్టు మార్చినా అంతే, చివరికి మా బావమరిది విండోస్ ల్యాప్‌టాప్‌లో పెట్టినా అంతే. ఇదంతా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, ఆ సందేశాల ఫైలు జతచేసి పంపాను. మీలో ఒక్కరైనా ఆ ఫైలు తెరిచారా? నిజం చెప్పండి.

ఇక మీ వాళ్ళ సంగతి. తెలుగు కోసం ఆరు నొక్కమన్నారు, నొక్కాను, హిందీలో పలికారు. ఆయనకీ నాకూ వచ్చిన అరకొర ఇంగ్లీషులో తంటాలు పడి అసలు విషయానికి వచ్చేసరికి లైను తెగిపోయింది. తర్వాత దొరికిన అమ్మాయి తెలుగమ్మాయే, మర్యాదగానే మాట్లాడింది, కానీ ముందున్న కాగితంలో ఏముందో అదే చదువుతుంది.

"సార్, స్టార్ట్ బటన్ నొక్కి కంట్రోల్ ప్యానెల్ తెరవండి."
"ఇది లైనక్స్ అమ్మా, ఇందులో అది ఉండదు."
"ఓకే సార్, అర్థమైంది సార్. స్టార్ట్ బటన్ నొక్కారా?"

నొక్కానని చెప్పాను. ఇంకేం చెప్పను? అప్పుడు అడిగింది, "లైనక్స్ ఏ కంపెనీది సార్? వాళ్ళ కస్టమర్ కేర్‌కి ఒకసారి చేసి చూడండి" అని. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

ఆ పిల్లని తప్పు పట్టట్లేదు, నేర్పని వాళ్ళది తప్పు. అసలు ఘనుడు ఆ పైన ఉన్న సీనియర్ టెక్నీషియన్. "లైనక్స్ పాతకాలపు సిస్టం సార్, విండోస్ వేసుకోండి, అన్నీ సెట్ అయిపోతాయి" అన్నాడు. అయ్యా, మీ కార్డు వాడుకునే యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అనే ప్రమాణానికి డ్రైవరు విండోస్‌లోకి 2017లో వచ్చింది, లైనక్స్‌లో దానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఉంది. ఎవరిది పాతకాలం? అయినా మీ అట్టపెట్టె మీద "లైనక్స్‌లో డ్రైవర్ అక్కర్లేదు" అని మీరే అచ్చేశారు కదా, లైనక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మతో సహా. బొమ్మ అందానికి వేశారా? విండోస్‌లోనూ ఇదే గోల అని చెబితే "చెక్ చేసి కాల్ బ్యాక్ చేస్తాం" అన్నాడు. చేయలేదు. బదులుగా మెయిల్లో డ్రైవర్ ఫైలు వచ్చింది, విండోస్ వాళ్ళు డబుల్ క్లిక్ చేసే ఫైలు!

పోనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్దామనుకున్నాను. మీ వెబ్‌సైటులో ఉన్న గవర్నర్‌పేట అడ్రసుకి వెళ్తే షట్టర్ దించి ఉంది. మీ బోర్డు మాత్రం నిక్షేపంగా ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే "ఆళ్ళు ఖాళీ చేసి శానా రోజులైందండీ, గుంటూరు ఎళ్ళారంట" అన్నాడు. మీ వాళ్ళకి ఫోన్ చేస్తే, అవును సార్, గుంటూరు బ్రాడీపేట వెళ్ళండి అని మెసేజ్ పెట్టారు. కాజ టోల్ కట్టుకుని అక్కడికి పోయాను. ఆ కుర్రాడు పెట్టె చూసి "అన్నా, మేం ఫోన్లే తీసుకుంటామన్నా, ఇయి విజయవాడలో ఇయ్యాలి" అన్నాడు. ఫోన్లో మీ సంస్థతో మాట్లాడమంటే అతను కూడా అదే నంబరు కొట్టాడు. అదే పాట. ఇద్దరం స్పీకర్లో పెట్టుకుని విన్నాం.

నా కడుపుమంట ఏమిటంటే, నేను మీకు కొత్తవాడిని కాదు. మొదటి సౌండ్ కార్డు మీదే. రెండు మైకులకి చోటు చాలక ఈ కొత్తది తీసుకున్నాను గానీ ఆ పాతది ఇప్పటికీ అదే పోర్టులో, అదే ఆడాసిటీలో గంటలు గంటలు నడుస్తోంది. హెడ్‌ఫోన్లు మీవే, మిక్సర్ మీదే. సత్యనారాయణపురంలో గుడి వాళ్ళకీ పటమటలో చర్చి వాళ్ళకీ మీ పేరే చెప్పి కొనిపించాను, నాకు కమీషన్ కూడా ఏమీ రాలేదు. ఇప్పుడు వాళ్ళు కనబడితే మొహం తిప్పుకుని పోతున్నాను. అమ్మేటప్పుడు మాత్రం మీ సేల్స్ అబ్బాయి "అన్నగారూ, ఎప్పుడు ఏం కావాలన్నా అర్ధరాత్రి ఫోన్ చేయండి" అన్నాడు. ఇప్పుడు పట్టపగలు చేసినా ఎత్తడు.

వస్తువన్నాక పాడవుతుంది, అది నాకూ తెలుసు. లోపల ఏ పోర్టో, ఏ సోల్డరో వదులై ఉంటుంది. "అవునండీ, మా పీసు తేడాగా ఉంది, పంపండి" అని మొదటి రోజు ఎవరైనా అనుంటే ఈ ఉత్తరమే లేదు. ఇప్పుడు కొత్తది ఇస్తారో, డబ్బులు తిరిగి ఇస్తారో, బాగు చేసి పంపుతారో, అది మీరే చూసుకోండి. కానీ ముందు ఆ "స్పందించలేదు" అనే మాట రికార్డులోంచి తీసేయాలి, నేను పంపిన ఫైలు చదివిన మనిషి ఎవరైనా నాకు ఫోన్ చేయాలి. స్టార్ట్ బటన్ గురించి అడగని మనిషి అయితే ఇంకా మంచిది.

మీ సొంత వెబ్‌సైటులోనే కొన్నాను కాబట్టి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు మీకూ వర్తిస్తాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, అందిన నెలలోగా పరిష్కరించాలి. ఆ రెండు గడువులూ ఎప్పుడో దాటాయి. రేపు ఉదయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. అక్కడా మీరు పలక్కపోతే విజయవాడలో వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కేసు వేయడానికి నేను మీ ఊరు రానక్కర్లేదు, నా ఊళ్ళోనే వేయొచ్చు, వస్తువు ధర అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. కార్డు ఖరీదే కాదు, పోయిన పని, టోల్, పెట్రోలు అన్నీ రాస్తాను. కాల్స్ అన్నీ నా ఫోన్లో రికార్డు అయి ఉన్నాయి, అవి మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఇట్లు,
మీ లెక్కలో స్పందించని కస్టమర్,
గాంధీనగర్, విజయవాడ.

తా.క.: దీనికి జవాబుగా మళ్ళీ కొత్త టికెట్ నంబరు పంపకండి. పాతవే చాలా ఉన్నాయి, ముందు వాటిలో ఒకటి తెరవండి.