మే నెల ఆవకాయ తినకండి, సీసా వెనక్కి ఇచ్చేయండి

మూత మీద మే అని రాసున్న ఆవకాయ సీసా మీ ఇంట్లో ఉంటే ఇక వాడకండి. సగం తిన్నదైనా సరే, తెచ్చిస్తే మొత్తం డబ్బులిస్తాను. బిల్లు అడగను.

కారంలో సూడాన్ రంగు కలిసింది. బూట్ పాలిష్‌లో, మైనంలో వేసే రంగది. ఎలుకలకి పెట్టి చూస్తే కాలేయంలో గడ్డలు కట్టాయి. తిండిలో వేయడం నేరం. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశపు కారంలో ఇదే దొరికి యూరప్ అంతా గగ్గోలైంది. అది తెలిసి కూడా మోసపోయాను.

జాడీ తిరగేస్తుంటే పైకి తేలిన నూనె కుంకుమ కలిపినట్టు కనిపించింది. గోళ్ల చుట్టూ అంటిన ఎరుపు రెండు రోజులైనా పోలేదు. గ్లాసు నీళ్లలో కారం చల్లి చూశాను, ఒక్క చార దిగలేదు. ఇది నూనెలో కరిగే రంగు, నీళ్ల పరీక్షకి చిక్కదు. ల్యాబ్‌కి పంపితేనే తేలింది.

కారం ఇచ్చిన మిల్లాయన్ని పదకొండేళ్లుగా బాబాయిగారూ అని పిలుస్తున్నాను. మా అమ్మాయి పెళ్లిలో వంటల దగ్గర నిలబడి చూసుకున్న మనిషి. అడిగితే, "తాలు కాయ ఎక్కువ పడింది, రంగు రాలేదు. అందరూ వేసేదేగా అమ్మా" అన్నారు. ఆ 'అందరూ' అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ అందరిలో నేను లేను.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం, సరుకు మంచిది కాదని అనుమానమొస్తే దాన్ని వెనక్కి రప్పించి అధికారులకి చెప్పాల్సింది అమ్మినవాళ్లే. చెబితే ఆయన మీద కేసవుతుంది. నాలుగు రాత్రులు నిద్ర లేదు. సరుకు పారబోసి ఊరుకుందాం అన్నారు మావారు. ఊరుకుంటే ఆ కారం ఇంకో ఇంటి పప్పులోకి పోతుంది కదా! బుధవారం వెళ్లి చెప్పేశాను. మనకి సరుకు అమ్మినవాళ్లిచ్చిన బిల్లే ఆ చట్టంలో సరుకు మంచిదేనన్న హామీపత్రం కింద లెక్క. మొహమాటంతో ఎన్నోసార్లు చీటీతో సరిపెట్టుకున్న తప్పు నాది. ఈ లాటుకి బిల్లుంది కాబట్టి బతికాను. అధికారులు కూడా శాంపిల్ తీసుకెళ్లారు.

ఇకనుంచి కారం ఎవరి దగ్గరా కొనను. గుంటూరు యార్డులో కాయ కొని, తొడిమలు తీయించి, మా పెరట్లోనే పట్టిస్తాను. కిలోకి 60 రూపాయలు పెరుగుతుంది, తగ్గించమని అడగకండి.

మామిడికాయ అయిపోయింది, ఈ ఏడాదికి మా దగ్గర ఆవకాయ లేదు. బయట కొని మన లేబుల్ వేసేయమని ఇద్దరు చెప్పారు. వేయను.