వార్షిక నివేదిక 2024–25: ఇంకుడు గుంతలు, తడి చెత్త, ప్లాస్టిక్, సోలార్

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు సంఘం పనిలో ఎక్కువ భాగం మూడు ప్రభుత్వ నిబంధనలను, ఒక పథకాన్ని తిరుపతిలోని మన కాలనీలో అమలు చేయడానికే సరిపోయింది. ఏది ఏం అడుగుతుంది, ఎక్కడ పని ఆగిపోతోంది అన్నదే ఇక్కడ రాస్తున్నాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

ఇంకుడు గుంతలు

బోరు వేయాలంటే అనుమతి, బోరు తవ్వే రిగ్గుకు రిజిస్ట్రేషన్, వాననీటికి ఇంకుడు గుంత: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇవన్నీ చెప్పింది. ఇల్లు కట్టేటప్పుడు ప్లానులో గుంత చూపిస్తాం, తవ్వుతాం. ఆ తర్వాత అది నీళ్లు తాగుతోందా లేదా అని చూసే నాథుడు లేడు. అసలు లోపం అక్కడే ఉంది.

లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 100 మి.మీ. వాన పడితే సుమారు 9,300 లీటర్లు. తడికి, చిందడానికి ఐదో వంతు తీసేసినా 7,400 లీటర్లు మిగులుతాయి. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో 8,000 లీటర్లు పడతాయి కదా అనుకుంటారు. రాళ్లు నింపాక సందుల్లో మిగిలే చోటు 35–40 శాతమే, అంటే 3,000 లీటర్లు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, అదీ వాయుగుండాల వెంట ఒక్కసారిగా వస్తాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి నది పొంగిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి గుంత నిండాక నీళ్లు పక్క గుంతకో, వాడని పాత బావికో పోయేలా పైపు ఉండాలి. లేకుంటే మిగిలిందంతా కాలవ పాలు.

నింపే వరస ఇది: అడుగున పెద్ద గుండ్రాళ్లు, వాటిపై 40 ఎం.ఎం. కంకర, దానిపై 20 ఎం.ఎం. కంకర, ఆపైన నైలాన్ వల పరిచి అర అడుగు గరుకు ఇసుక. పైన ఒక అడుగు ఖాళీ వదలాలి. కూల్చిన గోడల పెళ్లలు చవగ్గా దొరుకుతాయని వేయకండి. వాటి సిమెంటు పొడి తడిసి అడుగున గట్టిపడిపోతుంది. ఈ ఏడు మేం తెరిపించిన వాటిలో ఎక్కువ వాటికి ఇదే జబ్బు. వాషింగ్ మెషీన్ పైపు కలిపిన చోట్ల సబ్బు జిడ్డు ఇసుకను మూసేసింది. ఒక గుంత మూత మీద టైల్స్ పరిచేశారు, అది ఎక్కడుందో కనుక్కోవడానికే అరపూట పట్టింది.

కొండ దగ్గరి వీధుల్లో నాలుగడుగులకే రాయి తగులుతుంది. అందుకే రాళ్లు నింపే ముందే పరీక్ష చేయాలి. గుంతలో అడుగు ఎత్తు నీళ్లు పోసి, గంటకు ఎంత దిగిందో పుల్లతో కొలవండి. మూడు రోజులైనా నిలిచే ఉంటే అది దోమల తొట్టి, చోటు మార్చాల్సిందే. మిద్దె నీళ్లను వడకట్టకుండా నేరుగా బోరు కేసింగు పైపులోకి వదలొద్దు. తొలి వాన నీళ్లు దుమ్ము, పావురాల రెట్టతో వస్తాయి, వాటిని బయటికి పోనివ్వండి. ఏటా సెప్టెంబరులో పైనున్న రెండు అంగుళాల ఇసుక గీకి కొత్తది వేస్తే చాలు.

తడి చెత్త

చెత్త పన్ను ఎత్తేస్తామని ముఖ్యమంత్రి 2024 అక్టోబరు 2న ప్రకటించాక, వేరు చేసే బాధ్యత కూడా పోయిందని కొందరు సభ్యులు అనుకున్నారు. పోలేదు. అప్పుడు అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్తను వేరువేరుగా ఇవ్వాల్సి ఉండేది. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కాలనీలు తడి చెత్తను వీలైనంత వరకు లోపలే ఎరువు చేసుకోవాల్సి ఉండేది. కలిపి పంపితే తూకివాకం చెత్త ప్లాంటులో మళ్లీ విడదీయాల్సిందే, అప్పటికి తడి చెత్తలో గాజు పెంకులు, డైపర్లు కలిసిపోయి ఉంటాయి.

మన ఎరువు తొట్లు మూడడుగుల ఇటుక గూళ్లు, గాలికి సందులు వదిలి కట్టినవి. అంతకంటే చిన్నవైతే వేడి నిలవదు. ఒక బకెట్ వంటింటి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు, పైన పేడనీళ్లు చల్లాలి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే తడి ఎక్కువ. కంపు కొడుతోందంటే గాలి ఆడట్లేదని, తిరగేసి ఎండుటాకులు కలపండి. చల్లగా ఉంటే చెత్త చాలలేదనో, తేమ తక్కువనో అర్థం. టెంకాయ చిప్పలు, మామిడి టెంకలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, వేయొద్దు. వానాకాలంలో రేకు కప్పకపోతే సారమంతా కారిపోతుంది. వారానికోసారి తిరగేస్తూ పోతే నెలన్నర, రెండు నెలలకు జల్లెడ పట్టొచ్చు.

ప్లాస్టిక్

తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నిషేధం నిలబడటానికి కారణం కొండ కింద అలిపిరి గేటు దగ్గర జరిగే తనిఖీ. ఊళ్లో ప్రతి సందూ ఒక గేటే, ఎవరు కాపలా కాస్తారు? 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. సంచుల మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కమ్యూనిటీ హాలు బుకింగ్ ఫారంలో ఇవన్నీ చేర్చాం. గుడ్డలా కనిపించే నాన్‌వోవెన్ సంచి కూడా ప్లాస్టిక్కే. ఒక పోగు కాల్చి చూడండి, బూడిద కాకుండా ముద్దలా కరుగుతుంది.

సోలార్

మిద్దెల మీద సోలార్ పలకలకు కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద నివాసుల సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల వరకు వస్తాయి. పంపుహౌస్ మిద్దె మీద వాటర్ ట్యాంకు నీడ మధ్యాహ్నం మూడు దాటాక సగం మేర పడుతోంది, అందుకే హాలు పైకప్పును ప్రతిపాదిస్తున్నాం. పలకలను బోరు నీళ్లతో కడిగితే ఉప్పు మరకలు పడతాయి, పట్టి ఉంచిన వాననీళ్లు వాడాలి. ఇంకొకటి: బ్యాటరీ లేని ఈ ఏర్పాటులో కరెంటు పోతే లైను బాగుచేసే లైన్‌మన్ భద్రత కోసం, పలకల కరెంటును వాడకానికి మార్చే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, మోటారు తిరగదు. జనరేటరు అమ్మేద్దామన్న సూచనను సర్వసభ్య సమావేశం అజెండాలో పెట్టకపోవడానికి కారణం అదే.