జర్మనీ ప్రయాణం: పండుగకు ముందే చేరాలి

సంపాదకులకు నమస్కారం.

జర్మనీలో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, క్రిస్మస్ సంతలు కూడా చూడాలన్న ఆశతో సరిగ్గా పండుగ నాటికి చేరేలా టికెట్లు కొనుక్కొని, తీరా మూసిన దుకాణాలను చూసి నిరాశపడటం నన్ను బాధిస్తోంది. మాకూ అదే జరిగింది. 1434లో మొదలైన డ్రెస్డెన్ సంత, పేరుపొందిన న్యూరెంబర్గ్ సంత డిసెంబరు 24తో ముగుస్తాయి. ఆ మధ్యాహ్నానికే దుకాణాలు మూతపడతాయి, 25, 26 తేదీలు ప్రభుత్వ సెలవులు. కాబట్టి డిసెంబరు రెండో వారానికే చేరుకొని, ముందు సంతలున్న ఊళ్లు చూసి, పండుగ రోజులను పిల్లల ఇంట్లోనే గడపడం మేలు. సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకే ఆ రోజుల్లో పెద్దవారిని రోజుకు రెండేసి ఊళ్లు తిప్పడం, నా దృష్టిలో, వారిని చలిలో శ్రమపెట్టడమే.

జర్మనీతో సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఖర్చులు తామే భరిస్తామని పిల్లలు హామీపత్రం ఇవ్వదలిస్తే, అక్కడి విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్‌కు వారాలు పట్టవచ్చు. ఈ వివరాలను మీ పత్రిక ఏటా ఆగస్టులోనే ప్రచురించాలని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు