వంశపారంపర్య క్యాన్సర్ చేతిపుస్తకానికి సాయం పట్టిన అందరికీ కృతజ్ఞతలు

ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి క్యాన్సర్ వచ్చిన కుటుంబాల కోసం మేం రాస్తున్న చేతిపుస్తకం పూర్తయింది. సాయపడ్డ కౌన్సెలర్లకు, డాక్టర్లకు, ల్యాబ్ సిబ్బందికి, తమ రిపోర్టులు నమ్మి మా చేతిలో పెట్టిన కుటుంబాలకు మనసారా కృతజ్ఞతలు.

జన్యు పరీక్షల గురించి కుటుంబాలకు సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలర్లకు అందరికన్నా ఎక్కువ రుణపడ్డాం. జన్యు పరీక్ష ఇంట్లో ఎవరితో మొదలుపెట్టాలన్న అధ్యాయం వాళ్ల చలవే. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న కూతురే భయపడి ముందు వెళ్తుంది. వీలున్నంతవరకూ ముందు చేయాల్సింది క్యాన్సర్ వచ్చిన మనిషికి, అందులోనూ చిన్న వయసులో వచ్చినవారికి. తల్లికి బీఆర్‌సీఏ1 జన్యువులో (ఇందులో మార్పు ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది) ఫలానా చోట మార్పు ఉందని తేలితే, పిల్లల్లో ఆ ఒక్క చోటు చూస్తే సరిపోతుంది. కూతురికైనా కొడుక్కైనా అది వచ్చే అవకాశం సగానికి సగం. తల్లిని వదిలేసి కూతురికే చేస్తే, నెగటివ్ వచ్చినా ఏమీ తేలదు. ఇంట్లో ఉన్న మార్పు ఆమెకు రాలేదా, అసలు ఆ పరీక్షకు అందని మార్పు ఏదైనా ఉందా? ఆ కాగితాన్ని నమ్మి స్క్రీనింగ్, అంటే లక్షణాలు కనబడకముందే చేయించుకునే పరీక్షలు, మానేస్తారేమోనన్నదే మా బెంగ.

వంశవృక్షం నమూనా దిద్దిపెట్టిందీ వాళ్లే. మూడు తరాలు రాయాలి, తండ్రి వైపు కూడా. రొమ్ము క్యాన్సర్ అనగానే అమ్మమ్మ, పిన్నమ్మల దగ్గరే ఆగిపోతారు. నాయనమ్మ, మేనత్తలు లెక్కలోకి రారు. ఒక్కొక్కరి పక్కన ఏ అవయవం, ఏ వయసు అన్నది రాయాలి. 'కడుపులో గడ్డ' అంటే చాలదు, పాత బయాప్సీ కాగితం వెతకాలి. అండాశయమైతే బీఆర్‌సీఏ అనుమానం, పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు ఒకే ఇంట్లో కనబడితే లించ్ సిండ్రోమ్ (ఆ క్యాన్సర్ల ముప్పు పెంచే మరో వంశపారంపర్య జన్యు మార్పు) అనుమానం.

ల్యాబ్ మిత్రులు చెప్పినవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ పరీక్షను నిలబెట్టేవి అవే. లాలాజలం ఇచ్చే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. దాత నుంచి ఎముక మజ్జ మార్పిడి జరిగినవారి రక్తంలో దాత డీఎన్ఏ ఉంటుంది కాబట్టి చర్మం నమూనా కావాలి. జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోయినా పట్టుకునే పద్ధతి వాడారో లేదో రిపోర్టులో చూసుకోవాలి.

'వీయూఎస్' పేజీ కోసం తమ రిపోర్టులిచ్చిన కుటుంబాలకు ప్రత్యేక వందనం. అర్థం ఇంకా తేలని మార్పు అది. దాన్ని చూసి ఆపరేషన్‌కు సిద్ధపడకూడదు. తర్వాత తిరిగి అంచనా వేసినప్పుడు వీటిలో ఎక్కువ భాగం హాని లేనివిగానే తేలతాయి, అందుకే ఏడాదికో రెండేళ్లకో ల్యాబును మళ్లీ అడగాలి.

అంకెలు సరిచూసిన డాక్టర్లకు నమస్కారాలు. బీఆర్‌సీఏ1 మార్పు ఉన్న స్త్రీలకు 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 70 శాతం, అండాశయ క్యాన్సర్ ముప్పు సుమారు 44 శాతం. రొమ్ముకు 25 ఏళ్ల వయసు నుంచి ఏటా ఎంఆర్‌ఐ ఉంది. అండాశయానికి నమ్మదగ్గ స్క్రీనింగ్ లేదు. అందుకే పిల్లలు చాలనుకున్నాక, 35–40 మధ్య అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు తీయించుకునే విషయం డాక్టరుతో మాట్లాడమని రాశాం.

బంధువులకు రాసే ఉత్తరం నమూనా చివరి పేజీలో ఉంది, ఎవరైనా వాడుకోవచ్చు. జన్యువు పేరు, మార్పు పేరు రిపోర్టులో ఉన్నట్టే ఒక్క అక్షరం పోకుండా దించి, రిపోర్టు నకలు జతచేయండి.