క్లెయిమ్ తిరస్కరించే లేఖకు ఆధారాలు జతచేయించండి

ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ఛైర్మన్ గారికి,
హైదరాబాద్.

అయ్యా,

వృద్ధులు, పింఛనుదారులు, దివ్యాంగుల తరఫున బీమా కేసులు వాదించే న్యాయవాదులం.

2024లో మీరు తెచ్చిన నిబంధనలు మంచివి. ఆరోగ్య పాలసీ 60 నెలలు తెగకుండా నడిచాక, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారంటూ క్లెయిమ్ కొట్టేయకూడదు. కంపెనీలోని కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమూ తిరస్కరించకూడదు. ఏ షరతు కింద తిరస్కరించారో చెప్పాలి. అయినా మా దగ్గరికొచ్చే లేఖల్లో తరచూ కనిపించేది ఇంగ్లిష్‌లో ఒకటే ముక్క: ముందే ఉన్న జబ్బు వెల్లడించలేదు.

ఆ మాట పుట్టేది క్యాజువాలిటీలో. రోగి మాట్లాడలేడు. డ్యూటీ డాక్టరు అడిగితే పక్కనున్న కొడుకో కోడలో ‘బీపీ పదేళ్ల నుంచి ఉందనుకుంటా’ అంటారు. కేస్‌షీట్‌లోకి ఎక్కేసరికి ఆ ‘అనుకుంటా’ ఎగిరిపోతుంది. కంపెనీ ఇన్వెస్టిగేటర్ ఆ కాగితం జిరాక్స్ తీసుకుపోతాడు. పాత మందుల చీటీ గానీ, పరీక్ష రిపోర్టు గానీ ఒక్కటీ ఉండదు. అది బంధువులు చెప్పిన మాటేనని అదే డాక్టరు చేత రాయించుకురమ్మని మేం చెబుతుంటాం. డిశ్చార్జి అయ్యాక అలా రాసిచ్చేవాళ్లు తక్కువ. ఇక పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో జబ్బుల గడులన్నిటికీ ‘లేదు’ అని టిక్కులు పెట్టింది చాలాసార్లు ఏజెంటే. చూపు లేని మనిషికి అది చదివి వినిపించకుండానే వేలిముద్ర వేయిస్తారు.

దీనికితోడు గడువు. కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాసి నెలరోజులు ఆగాలి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా, పాలసీదారుల ఫిర్యాదులు విచారించే బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, మాలాంటి లాయర్ల అవసరమూ లేదు. 50 లక్షల రూపాయల దాకా ఇప్పించే అధికారం అక్కడుంది. ముందే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికెళ్తే, తీర్పు నచ్చనప్పుడు కమిషన్‌కు వెళ్లే వీలుంటుంది. ఈ వరస తెలియక, కంపెనీకి మెయిల్ మీద మెయిల్ పెడుతూ పెద్దవాళ్లు ఆ ఏడాది కాస్తా పోగొట్టుకుంటున్నారు.

అందుకే కోరుతున్నాం. తిరస్కరణ లేఖ పాలసీదారు అడిగిన భాషలో ఇవ్వాలి. ఆధారంగా చూపిన కాగితం, సంతకం చేయించిన ప్రపోజల్ ఫారం నకళ్లు దానికి జతచేయాలి. కమిటీ ఆమోదించిన తేదీ వేయాలి. అంబుడ్స్‌మన్ గడువు ఎప్పుడు ముగుస్తుందో పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి. లేఖకు జతచేయని కాగితాన్ని ఆ తర్వాత విచారణలో బయటికి తీసే వీలు కంపెనీకి ఉండకూడదు.

ఇట్లు,
బీమా కేసులు చూసే న్యాయవాదులు