హార్మోనియం కనబడే పక్క

తిరుపతి,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు కోపగించుకోవద్దు. నువ్వు అడిగిన మిగతా విషయాలన్నిటికీ వేరే ఉత్తరం రాస్తాను. ఈ ఉత్తరం నిండా మొన్న శుక్రవారం రాత్రి సంగతే ఉంటుంది, ఎందుకంటే ఆ రాత్రంతా నేను ఒక నాటకం టికెట్ల కోసం క్యూలో కూర్చున్నాను, కూర్చున్నంతసేపూ నువ్వు పక్కన లేవే అని అనుకుంటూనే ఉన్నాను.

సురభి నాటక సమాజం వాళ్లు వస్తున్నారు. వచ్చే శని, ఆదివారాల్లో రెండు సాయంత్రాలు, రెండు రోజులూ మాయాబజారే. ఈ వార్త మొదట చూసింది నాయన. పేపరు జిల్లా పేజీలో అరచేతి వెడల్పున పడిన ఆ ముక్కను కత్తిరించి, హార్మోనియం పెట్టె మూత లోపల తన గురువుగారి ఫోటో పక్కన అంటించి, నేను ఆఫీసు నుంచి రాగానే మూత తెరిచి చూపించాడు. నాయనకు ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్లు. చెవికి మిషను పెట్టుకున్నా పద్యం పూర్తిగా వినబడదు; రాగం కొంత అందుతుంది గానీ మాటలు జారిపోతాయి, గొంతు పై స్థాయికి వెళ్లినప్పుడు మిషనులో కీచుమనే మోత తప్ప ఏమీ మిగలదు. అయినా ఆయన అడిగింది ఒక్కటే: "ముందు వరుసల్లో, హార్మోనియం కనబడే పక్క దొరుకుతుందేమో చూడు నాయనా." వేళ్లు కనబడితే చాలునట. ఏ మెట్టు మీద వేలు పడిందో చూస్తే, పద్యం ఎక్కడ నడుస్తోందో తనకు లోపల వినబడుతుందట. నలభై ఏళ్ల పాటు మన చుట్టుపక్కల ఊళ్ల నాటకాలన్నిటికీ పెట్టె వాయించిన మనిషి ఆ మాట అంటే, నేను ఇంక వేరే ఆలోచన చేయలేదు.

టికెట్లు శనివారం పొద్దున ఎనిమిది గంటలకు హాలు దగ్గరి కౌంటరులోనే ఇస్తామని, ఏ సీటు కావాలో అక్కడే అడిగి తీసుకోవచ్చునని, మనిషికి నాలుగు దాకా ఇస్తామని ప్రకటనలో వేశారు. ఫోనులో బుక్ చేసుకునే ఏర్పాటు లేదు. నేను రాత్రి భోంచేసి, దుప్పటి, మంచినీళ్ల సీసా సంచిలో పెట్టుకొని తొమ్మిదికి చేరేసరికి గేటు ముందు అప్పటికే నలభై మందికి పైగా ఉన్నారు. పద్యనాటకం చూసేవాళ్లే లేరని మనం ఎన్నిసార్లు బాధపడ్డామో నీకు గుర్తుంది కదా, ఆ నలభై మందిని చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన రెండు వందల పేజీల నోటు పుస్తకంలో పేర్లు రాసుకుంటూ, ఒక్కొక్కరి అరచేతి మీద బాల్‌పెన్నుతో నంబరు వేస్తున్నారు. నాది నలభై మూడు. పన్నెండింటికి, మూడింటికి, అయిదింటికి పేర్లు పిలుస్తామని, మూడు పిలుపుల్లో ఏ ఒక్కదానికి పలకకపోయినా పేరు కొట్టేస్తామని ఆయన ముందే చెప్పారు, ఎవరూ ఎదురు చెప్పలేదు. తిరుపతిలో ఉండేవాళ్లకు క్యూ కొత్త కాదు. విష్ణు నివాసం దగ్గరో, భూదేవి కాంప్లెక్సు దగ్గరో సర్వదర్శనం టోకెన్ల కోసం తెల్లవార్లూ కూర్చున్నవాళ్లు, కొండ మీద కంపార్టుమెంటులో గంటలకు గంటలు గడిపినవాళ్లు అక్కడ సగానికి పైగా ఉన్నారు. చంటిబిడ్డతో వచ్చిన అమ్మాయిని గాలి తగలకుండా గోడ వారన కూర్చోబెట్టడం, పెద్దవాళ్ల చోటు కాపాడుతూ వాళ్లను కాసేపు నిద్రపోనివ్వడం, లేచి వెళ్లేవాడు పక్కవాడితో ఒక మాట చెప్పి సంచి వదిలి వెళ్లడం అన్నీ ఎవరూ చెప్పకుండానే జరిగిపోయాయి. మా వెనకాల కూర్చున్న ఒక అక్క ఉడికించిన చెనిక్కాయలు స్టీలు డబ్బా నిండా తెచ్చి, ఒక్కొక్కరి చేతిలో గుప్పెడేసి పోసింది.

పదకొండు దాటాక రోడ్డు మీద ఆటోలు పలచబడ్డాయి. మాఘమాసపు చలి కొండ మీద నుంచి నేరుగా దిగి వచ్చినట్టుగా ఉంది. గాలిగోపురం దీపాలు మాత్రం అలాగే వెలుగుతూ, ఆ వేళప్పుడు కూడా మెట్లెక్కుతున్నవాళ్లు ఉన్నారని చెబుతున్నాయి.

నా ముందు నలభై రెండో నంబరు కడప జిల్లా నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయనది. సురభి అనేది మొదట ఒక ఊరి పేరని చాలామందికి తెలియదు గదా. ఆ ఊరు తమ ప్రాంతంలోదేనని చెప్పుకోవడంలో ఆయనకు ఎంత గర్వమో చూడాల్సింది. 1885లో అక్కడ ఒక పెళ్లికి కీచకవధ ఆడటంతో మొదలైందట ఇదంతా. అప్పటిదాకా తోలుబొమ్మలాట ఆడుకుంటూ ఊరూరా తిరిగిన కుటుంబాలు, వనారస గోవిందరావు పెద్దరికంలో, బొమ్మల్ని పక్కన పెట్టి తామే వేషాలు కట్టి తెర ముందుకు వచ్చాయి. మగవాళ్లే ఆడవేషాలు కట్టే ఆ కాలంలోనే సురభి ఆడవాళ్లు రంగస్థలం ఎక్కారని ఆయన చెబుతుంటే, మాస్టారు అందుకొని, మన చిత్తూరు నాగయ్య కూడా సినిమాల్లోకి వెళ్లక ముందు చిత్తూరు రామవిలాస సభ వాళ్ల నాటకంలో చిత్రాంగి అనే ఆడవేషం కట్టి పేరు తెచ్చుకున్నవాడేనని, ఊరి పేరు ఆయనకు ఇంటిపేరుగా మారడానికి ఆ నాటకాలే కారణమని చెప్పారు. చిత్తూరులో చదువుకున్నన్ని రోజులూ ఈ సంగతి నాకెందుకు తెలియలేదా అని సిగ్గనిపించింది.

మా మాటలు వింటున్న ఒక కుర్రవాడు, 1957లో వచ్చిన సినిమాను నాటకంగా మార్చుకొని ఆడుతున్నారా అని అడిగాడు. పెద్దాయన కోప్పడలేదు. మాయాబజారులో ఉన్న శశిరేఖా పరిణయం కథ సినిమా కంటే ముందే రంగస్థలం మీద నడిచిందని, సినిమాలో కెమెరా చేసిన పనిని వీళ్లు కప్పీలతో, తాళ్లతో, సన్నని దారాలతో మన కళ్ల ఎదుటే చేస్తారని, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్తాయని ఓపికగా చెప్పాడు. ఆ కుర్రవాడు తన మిత్రులకు ఫోను చేసి మరో ఇద్దరిని అర్ధరాత్రి పిలిపించాడు. వాళ్లకు నూట ఇరవై దాటిన నంబర్లు పడ్డాయి.

నాకు మన ఊరి భారతం గుర్తొచ్చింది. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. పెద్ద వేషం తెర దాటి వచ్చేసరికి రెండు దాటేది, అప్పటిదాకా నిద్ర ఆపుకోవడానికి మనం ఒకరి మోచేయి ఒకరం గిల్లుకుంటూ నాయన హార్మోనియం వెనకాల గోనెపట్టా మీద పడుకునేవాళ్లం. తపస్సు మాను రోజున, అంటే అర్జునుడి వేషగాడు తపస్సుకని నిలువెత్తు మాను ఎక్కే రోజున, పైనుంచి అర్జునుడు విసిరిన నిమ్మకాయను నువ్వు పట్టుకొని, పిల్లల కోసం తడిబట్టలతో సాగిలపడి ఉన్న మీ పిన్నమ్మకు ఇచ్చావు. ఆ రోజుల్లో నాటకం చూడటంలో ఎదురుచూడటమే సగం ఉండేది. శుక్రవారం రాత్రి అదే నిద్రలేమి, అదే చలి, అదే చెనిక్కాయల వాసన.

ఇంక అసలు సంగతికి వస్తాను. రెండు గంటలు దాటాక ఒక లారీ వచ్చి హాలు వెనక గేటు దగ్గర ఆగింది. కుర్రవాళ్లు ముగ్గురు దిగి టార్పాలిను తాళ్లు విప్పుతుంటే, సామాను సురభి వాళ్లదని క్యూ అంతా ఒక్క క్షణంలో పాకిపోయింది. దించే మనుషులు ఇంకా రాలేదట. మాస్టారు లేచి, "చోటు ఎవరిదీ పోదు, చేయి సాయానికి ఒక పదిమంది రండి" అన్నారు. నేను పరుగెత్తినట్టే వెళ్లాను.

తెరలు వెదురు బొంగులకు చుట్టి ఉన్నాయి. ఒక తెర ఒక కొస నా భుజం మీదికి వచ్చింది. ఎంత బరువనుకున్నావు! బట్ట ఎన్నిసార్లు రంగు పూయించుకుందో, చేతికి చాప మాదిరి గట్టిగా తగిలింది. కొసన ఒక జానెడు విచ్చుకొని ఉన్న చోట, వీధి దీపం వెలుగులో నీలం ఆకాశం, దాని కింద అడవి చెట్ల చివర్లు కనబడ్డాయి. దగ్గరగా చూస్తే అవి ఆకులు కావు, కుంచెతో వేసిన చుక్కలు, ఆ చుక్కల మీద మరో కాలంలో మరొకరు దిద్దిన చుక్కలు. పాత రంగు, కిరసనాయిలు, గుగ్గిలం కలిసిన వాసన. తాతలు వేసిన తెరల్ని మనవలు దిద్దుకుంటూ మోసుకు తిరుగుతున్నారు కాబోలు అనిపించి, ఆ బొంగును కింద పెట్టేటప్పుడు నేల తగలకుండా మోకాలు వంచి దించాను. ఇనప గదలు అనుకున్నవి తీరా పట్టుకుంటే బూరుగు దూది అంత తేలిక. చివర దిగింది హార్మోనియం. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు; వాళ్లలో చిన్నవాడు, పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు, దుప్పటిలో చుట్టి బిడ్డను ఎత్తుకున్నట్టు తానే ఎత్తుకెళ్లాడు.

"తమ్ముడూ, పెట్టె ఏ పక్క పెడతారు?" అని అడిగాను. "కుడి పక్క అన్నా" అన్నాడు. నాలుగడుగులు వేసి, ఏదో తోచినవాడిలా ఆగి వెనక్కి తిరిగి, "మాకు కుడి. చూసేవాళ్లకు ఎడమ" అన్నాడు. మిత్రమా, ఆ పిల్లవాడు ఆ రెండో మాట చెప్పకపోయి ఉంటే ఈ రాత్రంతా వృథా అయ్యేది. ఎందుకు అడుగుతున్నావని అతను అడగలేదు గానీ నేనే నాయన గురించి చెప్పాను. అతను చేతిలోని పెట్టెను కొంచెం పైకి సర్దుకొని, "ఆటకు ముందు ఒకసారి లోపలికి తీసుకురా అన్నా, మా మామ వాయిస్తాడు, చూపిద్దాం" అన్నాడు.

తెల్లవారుజాము చలిలో టీ ఎంత బాగుందో రాయడం నా వల్ల కాదు.

పొద్దున ఎనిమిదికి తెరవాల్సిన కౌంటరు ఎనిమిదీ నలభైకి తెరిచారు. తెరవగానే నిర్వాహకులలో ఒకాయన వచ్చి, మనిషికి రెండు టికెట్లే ఇస్తామని, మొదటి మూడు వరుసలు ఆహ్వానితులకు కేటాయించామని ప్రకటించాడు. నాకు కడుపు మండిపోయింది. రాత్రంతా మంచులో కూర్చున్నవాళ్లకు ఆ మాట ముందురోజు ప్రకటనలోనే చెప్పి ఉండవలసింది. నాటకాన్ని ప్రేమించేవాళ్లను వెనక్కి నెట్టి, వస్తారో రారో తెలియని వాళ్ల కోసం ముందు కుర్చీలు ఖాళీగా ఉంచడం తప్పని నేను గట్టిగానే చెప్పాను, మాస్టారు కూడా చెప్పారు. ఆయన విననూ లేదు, కాదనీ అనలేదు, లోపలికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఆ విషయంలో నా మనసు చల్లబడలేదు.

అయితే జరిగింది చూడు. నా ముందు నలభై రెండు మందీ నడిమి సీట్లే అడిగారు. నా వంతు వచ్చేసరికి నాలుగో వరుసలో నడిమి భాగమంతా అయిపోయింది గానీ ఎడమ చివర మొదటి మూడు సీట్లూ అలాగే ఉన్నాయి. కౌంటరు అబ్బాయి, "అక్కడ స్టేజీ సగమే కనిపిస్తుంది సార్, పదో వరుస మధ్యలో ఇస్తాను" అన్నాడు. వద్దన్నాను. ఒకటి, రెండు నంబర్లు నేను తీసుకున్నాను. మూడోది ఎలాగా అనుకుంటుండగా, ఇంకా పక్కనే నిలబడి ఉన్న కడప పెద్దాయన తనకు రావలసిన రెండింట్లో ఒకటే తీసుకున్నానని కౌంటరులో చెప్పి, మిగిలిన దాని కింద ఆ మూడో నంబరు ఇప్పించాడు. డబ్బు ఇవ్వబోతే రెండు వందల నోటు తీసుకున్నాడు గానీ, పేరు అడిగితే నవ్వి, "ఆదివారం కనబడతాం కదా" అని వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి నాయన వసారాలో కూర్చొని ఉన్నాడు. దొరికాయా అని అడగలేదు. "ఏ పక్క?" అన్నాడు. ఎడమ పక్క, నాలుగో వరుస అని రెండుసార్లు గట్టిగా చెప్పాను. తల ఊపి, కుడి చేతి వేళ్లు తొడ మీద పెట్టి, ఎడమ చేత్తో లేని తిత్తిని మెల్లగా ఊదుతూ కాసేపు అలాగే కూర్చున్నాడు. సురభి పిల్లవాడు లోపలికి రమ్మన్న సంగతి చెప్పేసరికి, పంచె ఉతికించాలి అని లేచాడు.

మూడో టికెట్టు నీది. శనివారం రాత్రి కాచిగూడలో వెంకటాద్రి ఎక్కితే ఆదివారం పొద్దునకు తిరుపతిలో దిగుతావు. స్టేషనుకు నేనే వస్తాను. ఆట సాయంత్రం ఆరింటికి, కానీ నాయనను తీసుకొని మనం నాలుగింటికల్లా అక్కడ ఉండాలి. ఆయనకు నడిచేటప్పుడు రెండో పక్క పట్టుకోవడానికి నువ్వు కావాలి. సెలవు దొరకలేదని మాత్రం రాయవద్దు. టికెట్టు హార్మోనియం పెట్టెలో పెట్టాడు నాయన, మీ ఇద్దరివీ ఒకే కవరులో.

ఇట్లు,
నీ మిత్రుడు